నూట ఎనిమిది జింకపిల్ల రేకులు

మొన్న ఏప్రిల్లో నేనుంటున్న కాపెల్ నుంచి మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి, అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళాను. వెళ్ళిన మర్నాడు పొద్దున్నే కాఫీలోకి పాల కోసం ఫ్రిజ్ తెరిచాను. దాన్ని ఫ్రిజ్ అంటారు గానీ, తవ్వకాల శాఖవాళ్ళు చూస్తే కంచె వేసి కాపలా పెడతారు. మా ఇంట్లో ఏ డబ్బా మీద ఏ పేరు రాసి ఉంటే అది అందులో ఉండకూడదన్నది అనాదిగా వస్తున్న ఆచారం. ఐస్‌క్రీమ్ బకెట్టులో ఇడ్లీపిండి, కాఫీ డబ్బాలో మినప్పప్పు, బిస్కెట్ల డబ్బాలో దారపు ఉండలు. వెనిల్లా ఐస్‌క్రీమ్ అంటే రాత్రంతా పులియబెట్టేదని నేను చాలాకాలం నమ్మాను. ఆ రోజు అడుగు అరలో, ఆవకాయ సీసా వెనకాల, వెన్నలాంటి మార్జరిన్ అమ్మే పసుపురంగు డబ్బా ఒకటి కనిపించింది. మూత తీశాను. లోపల వాడిపోయిన పూరేకులు, కుంకుమ.

"దాన్ని కదపకు!" అని హాల్లోంచి కేక. చెవి పక్కన ఫోను పెట్టి అరిచినా వినిపించని మా అమ్మకి, ఫ్రిజ్‌లో మూత ఊడిన చప్పుడు మాత్రం మూడు గదుల అవతలికి వినిపిస్తుంది.

"ఏంటమ్మా ఇది?"

"నిర్మాల్యం. ఆదివారం వాగులో కలుపుతాను. చెత్తబుట్టలో వేశావో, నీ పాపాన నువ్వే పోతావు."

నేను పాలు మర్చిపోయి ఆ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి మార్జరిన్ డబ్బాతోనే మా అమ్మ ఒకప్పుడు అమెరికా వృక్షశాస్త్రాన్ని గడగడలాడించింది. అమెరికా అంటే మా ఊరి అడవిపూల క్లబ్బు. క్లబ్బు అంటే ఇరవైమంది రిటైరైన ఆడవాళ్ళూ, వాళ్ళలో ఒకావిడ తెచ్చుకునే ముసలి కుక్కా. అయినా గడగడలాడించిన మాట నిజం.

డెబ్బయ్యల చివర్లో మేం ఆ ఊరికి వచ్చాం. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. నాన్న కార్ల కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. ఆయన ఉద్యోగమల్లా కారు తలుపుకీ ఒంటికీ మధ్య సందు అన్ని కార్లకీ ఒకేలా ఉందా లేదా అని చూడటం. ఆ పని ఆయనకి ఎముకల్లోకి దిగిపోయింది. పెళ్ళి భోజనానికి వెళ్ళినా బూరెలన్నీ ఒకే సైజులో ఉన్నాయో లేదో చూసిగానీ కొరికేవారు కాదు. అమ్మ అక్కడ గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో బోటనీ డిమాన్‌స్ట్రేటరు. పువ్వుని బ్లేడుతో నిలువునా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, నలభైమంది అమ్మాయిల చేత బొమ్మలు వేయించిన మనిషి. ఇక్కడికొచ్చాక ఆవిడ కోయడానికి మిగిలినవి ఉల్లిపాయలు. మిషిగన్ చలికాలం ఆవిడకి ముందు వింతగా, తరవాత విసుగ్గా, మూడో ఏటికి శత్రువుగా తోచింది. కిటికీ దగ్గర నిలబడి, "ఈ దేశంలో ఆకు అనేది ఉంటుందా, లేక అదికూడా సీజన్ అయిపోయాక స్టోర్‌లోకి సర్దేస్తారా?" అనేది.

మా దేవుడి గది బేస్‌మెంట్‌లో ఉండేది. ఒకవైపు బట్టలుతికే మెషీను, మరోవైపు కొలిమిలా గర్జించే హీటరు, మధ్యలో బీరువా మీద సీతారామలక్ష్మణులు. స్పిన్ సైకిల్ మొదలైతే స్వామివారు స్వయంగా కదిలేవారు. అగరొత్తుల వాసన, తడి ఊలు సాక్సుల వాసన, డిటర్జెంటు వాసన కలిసిన ఆ వాసనే నాకు ఈనాటికీ భక్తి. కర్పూరం వెలిగిస్తే స్మోక్ అలారం మోగేది. అందుకని హారతి వేళ నాన్న స్టూలెక్కి దాన్ని టర్కీ తువ్వాలుతో కప్పి పట్టుకునేవారు. మా ఇంట్లో గంట వాయించే పని నాది, గంట మోగకుండా చూసే పని ఆయనది.

అన్నిటికంటే పెద్ద కష్టం పూలు. అష్టోత్తరానికి నూట ఎనిమిది పూలు కావాలి. సూపర్‌మార్కెట్‌లో నాలుగు కార్నేషన్లని సెల్లోఫేన్ కాగితంలో చుట్టి, బంగారం తూచినట్టు అమ్మేవారు. అమెరికాలో ఉన్న తెలుగు ఇల్లాళ్ళందరూ కనిపెట్టిన ఉపాయమే మా అమ్మా కనిపెట్టింది: పువ్వుని రేకులుగా విడదీయడం. నామానికి ఒక రేకు. అందులో అమ్మ పట్టింపులు కోర్టు చట్టాల్లా ఉండేవి. రేకు చిరగకూడదు. అడుగుదాకా నిండుగా రావాలి. ముందే లెక్కపెట్టి పళ్ళెంలో పెట్టాలి. నూట ఎనిమిదికి ఒక్కటి తగ్గినా పూజ మొదటికి వస్తుంది. ఒకసారి నూట ఏడో నామం దగ్గర రేకులైపోతే మళ్ళీ మొదలుపెట్టింది. ఆకలికి నాన్న కడుపులోంచి వచ్చిన చప్పుడు విని హీటరు పాడైందనుకున్నాం.

నాలుగో వసంతంలో లైబ్రరీ గోడమీద అడవిపూల క్లబ్బు కాగితం చూసింది అమ్మ. ప్రతి శనివారం, మా వీధి చివరనున్న అడవిలో నడక. ఆ శనివారం ఆవిడ వెళ్ళిన అవతారం క్లబ్బు చరిత్రలో నిలిచిపోయింది: కుచ్చిళ్ళు ఎగదోపిన నేత చీర, దానికింద మోకాళ్ళదాకా మంచు బూట్లు, పైన నాన్న పార్కా అనే చలికోటు. క్లబ్బు ప్రెసిడెంటు మిసెస్ హార్లన్ చూసి చలించలేదు. ఆవిడ దేనికీ చలించదు. ఆరడుగుల మనిషి, మెళ్ళో ఒక భూతద్దం, ఒక విజిల్. ఆవిడ విజిల్ వేస్తే ఉడతలు కూడా వరసలో నిలబడేవి. కానీ అమ్మ మొదటి పది నిమిషాల్లోనే ఒక మొక్క కుటుంబాన్ని లాటిన్‌లో చెప్పేసరికి, ఆవిడ భూతద్దం మెళ్ళోంచి తీసి, "చూస్తారా?" అని అమ్మ చేతికిచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ పాడుకుంటూ వంటచేసింది. మూడేళ్ళలో ఆ ఇంట్లో అమ్మ పాట వినడం అదే మొదలు. నాన్న కంగారుపడి నుదురు పట్టి చూశారు, జ్వరమేమోనని.

ఆ అడవిలో ఏప్రిల్ చివర రాణి, ఫాన్ లిలీ. జానెడు మొక్క. నేలకి అంటినట్టు ఆకులు, ఆకుపచ్చమీద గోధుమరంగు మచ్చలు, అచ్చం జింకపిల్ల ఒంటిలా. అమ్మ దానికి ఆ రోజే జింకపిల్ల పువ్వని నామకరణం చేసింది. పువ్వుపెట్టే మొక్కకి రెండాకులు, మధ్య కాడ, దాని కొసన సిగ్గుపడే పెళ్ళికూతురిలా తలవంచిన పసుపు పువ్వు. ఆరు రేకులూ వెనక్కి ముడిచి ఉంటాయి. దీనికి తెల్లపువ్వు పూసే చెల్లెలొకతి ఉందని, ఆకు చూసి ఇద్దర్నీ పోల్చుకోవడం బ్రహ్మకి కూడా కష్టమని మిసెస్ హార్లన్ చెప్పింది. "అయితే ఆ తెల్లది మన అడవిలో లేదు. ఎవరూ ఎప్పుడూ చూడలేదు," అని ముగించింది, విజిల్ వేసినట్టు.

శ్రీరామనవమి వచ్చింది. ఈస్టర్‌కి ఊరివాళ్ళు స్టోర్‌లో పూలన్నీ ఊడ్చుకుపోయారు. కార్నేషన్ కాదుకదా, కాడ కూడా లేదు. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, సజ్జ తీసుకుని, నన్ను వెంటపెట్టుకుని, తెల్లారేసరికి అడవిలో ఉంది. ఇక్కడ మీరు మా అమ్మని అర్థం చేసుకోవాలి. గుంటూరులో తెల్లవారుజామున పక్కింటి గోడమీంచి మందారాలు కోయడం దొంగతనం కాదు, దినచర్య. పక్కింటావిడ చూసినా, "మా పేరు కూడా చెప్పుకోండి స్వామికి" అంటుందేగానీ పోలీసులకి చెప్పదు. దేవుడికి కోసిన పువ్వుకి యజమాని దేవుడే.

"అమ్మా, రాముడికి జింక పేరున్న పూలా? ఆయన కష్టాలన్నీ జింకతోనే కదా మొదలయ్యాయి!" అన్నాను.

"అందుకే ఈసారి జింకే వచ్చి కాళ్ళమీద పడుతోంది. మాట్లాడకుండా నడు."

దారి పక్కన పూలు కోస్తే కనబడిపోతాయని కాదు, అవి పోయేవాళ్ళ దుమ్ము పడ్డ పూలని, అమ్మ దారి దాటి లోపలికి, క్లబ్బువాళ్ళెవరూ బూటు పెట్టని బురదవైపు పోయింది. ఆరు పద్దెనిమిదుల నూట ఎనిమిది. ఎక్కం ప్రకారం పద్దెనిమిది పూలు కోసింది. పంతొమ్మిదో పువ్వు చెయ్యి తాకినా వదిలేసింది. మొదట కోసినవి పసుపు. బురద చివర కోసినవి తెలుపు. అమ్మ ఆ తెల్లవాటిని చూసి ఏదో గొణిగింది. అంతలో ఎండ పైకొస్తోందని, నైవేద్యం ఇంకా పొయ్యి ఎక్కలేదని గుర్తొచ్చి బయల్దేరింది.

దారి మొదట్లో మిసెస్ హార్లన్ నిలబడి ఉంది. సజ్జలోకి చూసింది. ఆ చూపుకి మిషిగన్‌లో మళ్ళీ మంచు పడాల్సింది.

"మిసెస్ వి," అంది. మా ఇంటిపేరు పూర్తిగా పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. అందుకని అందరికీ అమ్మ మిసెస్ వి. "ఈ మొక్క గింజ నుంచి పువ్వు పుయ్యడానికి ఏడేళ్ళు పడుతుంది. మీకు తెలుసా?"

అమ్మ మొహం పాలిపోయింది. ఏడేళ్ళని పద్దెనిమిదితో హెచ్చవేస్తోందని నాకు అర్థమైంది. "తెలీదు," అంది. సజ్జ ముందుకి చాచి, "కానీ మేడమ్, ఇక్కడ రెండు రకాలున్నాయి. చూడండి, తెల్లది కూడా ఉంది."

"ముసలి పువ్వు వెలిసిపోతుంది. ఈ అడవిలో తెల్లది లేదు." సజ్జవైపు మళ్ళీ చూడలేదు. "గురువారం లైబ్రరీలో మీటింగ్. మీరు ఇకమీదట మాతో నడవొచ్చా లేదా అన్నది సభ్యులే ఓటేస్తారు."

అమ్మ ఇంటికొచ్చి, పార్కా తీయకుండానే వంటింట్లో కుర్చీలో కూర్చుంది. "నాలుగేళ్ళకి నాకొక్క తలుపు తెరుచుకుంది. అది నేనే వేసుకున్నాను," అంది. నాన్న పానకంలో మిరియాలు దంచుతూ ఆగారు. "కోసిన పువ్వుని వాడబెడితే అది ఇంకో పాపం. ముందు పూజ కానియ్యి," అన్నారు. తలుపుల విషయంలో ఆయన మాట మేం కాదనేవాళ్ళం కాదు.

అమ్మ రేకులు విడదీసి, లెక్కపెట్టి, పసుపుకుంకాలు చల్లి పూజ మొదలుపెట్టింది. సగం నామాలయ్యాయి. ఒక రేకు తీసింది. వెయ్యలేదు. కళ్ళదగ్గరికి తెచ్చుకుంది. ఇంకోటి తీసింది. మరోటి.

"చెవులు!" అని అరిచింది.

స్టూలుమీదున్న నాన్న, అలారం మోగిందనుకుని తువ్వాలు నొక్కారు.

"చెవులండీ! ఈ రేకుకి అడుగున అటొకటి ఇటొకటి, చిన్న చెవులు! దీనికి లేవు!"

"పూజలో రాముడికి చెవులేమిటే?" అన్నారాయన.

అమ్మ మిగతా నామాలు, నా జీవితంలో నేను విన్న అత్యంత వేగంతో, అయినా ఒక్కటీ మింగకుండా పూర్తిచేసింది. హారతి అయ్యాక, కాడల కొసలు చూస్తూ మాకు పాఠం చెప్పింది. పసుపు పువ్వుకి లోపలివరస మూడు రేకుల అడుగున బుల్లి చెవులు. బయటివరస మూడింటికి ఉండవు. తెల్లపువ్వుకి ఆరింట్లో ఒక్కదానికీ చెవుల్లేవు. రంగు వెలిస్తే వెలవొచ్చుగానీ, ముసలైనంత మాత్రాన ఎవరి చెవులూ ఊడిపోవు. "గురువారం లోపల ఆవిణ్ణి తీసుకెళ్ళి చెట్టుకున్న పువ్వే చూపిస్తాను," అంది.

ఆ రాత్రి మొదలైన వాన బుధవారందాకా కురిసింది. ఆ వాన ముందు నోవహు కాలంనాటిది తుంపర. అడవిలో జింకపిల్ల పువ్వుల్లో ఒక్క రేకు కూడా కాడని అంటుకుని మిగల్లేదు. ప్రపంచం మొత్తం మీద సాక్ష్యం ఇక ఒక్కచోటే ఉంది. తొక్కకూడదని, పారెయ్యకూడదని, ఆదివారం వాగులో కలపాలని అమ్మ ఎత్తిపెట్టిన నిర్మాల్యం. మా ఫ్రిజ్‌లో. మార్జరిన్ డబ్బాలో.

గురువారం అమ్మ పట్టుచీర కట్టింది. నాన్న ఆఫీసునుంచి పట్టకారు, చేతిదీపం తెచ్చారు. లైబ్రరీ వెనకగదిలో ఇరవైమంది, కుక్క. ఓటుకి ముందు ఒక్కమాట చెప్పుకుంటానని అమ్మ లేచి, మూత తీసింది. అందరూ తొంగిచూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. పూజలో చల్లిన పసుపు నాలుగురోజులు నాని, తెల్లవీ పచ్చవీ తేడా లేకుండా ప్రతి రేకూ నిమ్మకాయ పులిహోరలా మెరిసిపోతోంది.

"మిసెస్ వి," అంది మిసెస్ హార్లన్, జాలిగా. "అన్నీ పసుపే."

"రంగు చూడకండి," అంది అమ్మ. "మీరే అన్నారుగా, రంగు వెలిసిపోతుందని. రంగు అంటుకుంటుంది కూడా. చెవులు చూడండి."

పసుపు పువ్వుకి మూడురేకులకి చెవులుంటాయని మిసెస్ హార్లన్‌కి తెలుసు. అందుకే ఒప్పుకోలేదు. "చెవుల్లేని రేకులు పసుపు పువ్వులోనూ సగం ఉంటాయి. చెవుల్లేని రేకు చూపించి తెల్లపువ్వు అంటే ఎలా?"

ఆ ప్రశ్నకోసమే మా నాన్న పుట్టారు. లేచి, కోటు సర్దుకుని, "పద్దెనిమిది పూలు," అన్నారు. "అన్నీ పసుపువే అయితే, రేకుల్లో సగానికి, అంటే యాభైనాలుగింటికి చెవులుండాలి. లెక్కపెడదామా?"

పట్టకారుతో ఒక్కొక్క రేకూ తీసి, దీపం కింద మిసెస్ హార్లన్ భూతద్దంలోంచి చూపించి, చెవులున్నవి కుడివైపు, లేనివి ఎడమవైపు పేర్చారు. కారు తలుపుల సందులకి కూడా ఆయన అంత గౌరవం ఇచ్చి ఉండరు. గదిలో కుక్క కూడా ఊపిరి బిగబట్టింది. చివరికి కుడివైపు ముప్ఫైఆరు. ఇంకొకటి లేదు.

"పన్నెండు పూలు పసుపు," అన్నారు నాన్న. "ఆరు పూలకి చెవుల్లేవు."

మిసెస్ హార్లన్ కుర్చీలోంచి ముందుకి వంగింది. "కొన్ని రేకులు రాలిపోయి ఉండొచ్చు. దారిలో, ఇంట్లో. మీ దగ్గర అన్నీ ఉన్నాయని ఏమిటి నమ్మకం?"

అమ్మ నవ్వింది. మహారాణులు సింహాసనం ఎక్కేముందు అలా నవ్వుతారు. "ఎడమవైపువి కూడా లెక్కపెట్టండి మేడమ్."

మిసెస్ హార్లన్ తనే లెక్కపెట్టింది. డెబ్బైరెండు. కుడివైపు ముప్ఫైఆరుతో కలిపింది. పెదాలు కదిపి మళ్ళీ కలిపింది.

"నూట ఎనిమిది," అంది.

"ఒక్కటి తగ్గినా అది పూజ కాదు," అంది అమ్మ. "మీ సైన్సులో పొరపాటుకి కాస్త చోటుంటుంది. మా అష్టోత్తరంలో ఉండదు."

మర్నాడు పొద్దున్న క్లబ్బంతా బురదవైపు నడిచింది. రేకులు రాలినా కాడల కొసన లేతకాయ, దానిమీద సన్నటి తొడిమలాంటిది ఇంకా నిలిచే ఉంది. దారి పక్కన మొక్కల్లో దాని కొస ముడుచుకుని ఉంది. బురద చివరి మొక్కల్లో మూడుగా చీలి, మూడువైపులకీ వంకరతిరిగి ఉంది, తెల్లదానికి ఉండాల్సినట్టే. తెల్ల చెల్లెలు ఎన్నేళ్ళనుంచో అక్కడే ఉంది. ఎవరూ బూటు బురద చేసుకోలేదంతే. మిసెస్ హార్లన్ మోకాళ్ళమీద కూర్చుని భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. లేవబోతే బూటు బురదలో దిగబడిపోయింది. అమ్మ చెయ్యి అందించి లాగింది. ఆరడుగుల ప్రెసిడెంటు, అయిదడుగుల మా అమ్మ చేతికి వేలాడుతూ పైకి వచ్చింది. బూటుకి బురద పెట్టిన ముద్దు శబ్దానికి కుక్క మొరిగింది. మీరు నమ్మరుగానీ, నాకు మాత్రం విజయశంఖం అంటే ఈనాటికీ ఆ శబ్దమే. ఓటు వేయడం సంగతి ఎవరికీ గుర్తే రాలేదు. మా ఇంట్లో మళ్ళీ చేసిన పానకం తెచ్చి ఇస్తే మిసెస్ హార్లన్ గడగడా తాగి, మిరియం గొంతుకి తగిలి, జీవితంలో మొదటిసారి చలించింది.

ఎనభైలంతా ఏప్రిల్ శనివారాలు అమ్మవే. మెళ్ళో మిసెస్ హార్లన్ కొనిచ్చిన భూతద్దం, వెనకాల చేంతాడులా జనం. పువ్వుని కోయకుండా, ఒక్కవేలితో గడ్డం పట్టి ఎత్తినట్టు ఎత్తి, "ముందు చెవులు చూడండి," అనేది. నవమికి మాత్రం మళ్ళీ కార్నేషన్లే.

ఇప్పుడు అన్నీ సుఖాలే. ఇండియన్ స్టోర్‌లో బంతిపూలు సంచులకొద్దీ దొరుకుతాయి. నామాలు ఫోనే చదివిపెడుతుంది. దానికి ఆకలీ వెయ్యదు, లెక్కా తప్పదు. దేవుడి దగ్గర కూర్చుని మనం చేసేదల్లా ఛార్జింగ్ ఉందో లేదో చూడటం. నూట ఎనిమిది రేకుల్ని వేళ్ళతో విడదీస్తేనేగా చెవులు కనబడేది! ఆ ఆదివారం ముగ్గురం అడవికి వెళ్ళాం, నిర్మాల్యం డబ్బాతో సహా. బురదమీద ఇప్పుడు చెక్కదారి వేశారు. తెల్లపూలు బారులుతీరి ఉన్నాయి. నేను ఫోనులో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ పెట్టి ఫోటో తీస్తే, అది కాసేపు తిరిగి తిరిగి, "పసుపు ఫాన్ లిలీ కావచ్చు," అంది.

"దాన్ని చెవులు చూడమను," అంది అమ్మ, కర్ర ఆనించి వంగుతూ.

ఆకుపచ్చ చొక్కా వేసుకున్న వాలంటీరు అమ్మాయి పరుగున వచ్చింది. మొహం చూస్తే మన పిల్లే. "ఆంటీ, ప్లీజ్, పూలు పిక్ చేయకండి. అక్కడ సైన్ ఉంది," అంది, ఇక్కడ పుట్టిన పిల్లల మెత్తటి తెలుగులో.

అమ్మ నిటారుగా నిలబడింది. అడవిలో ఆ చోట రెండు బోర్డులున్నాయి, పక్కపక్కనే. ఒకదానిమీద పసుపూ తెలుపూ పూల బొమ్మలు, కింద 'ఈ అడవిలో రెండూ ఉన్నాయి' అని. రెండోదానిమీద 'పూలు కోయరాదు' అని. రెండూ తెల్లపూలు దొరికిన ఏడాదే, ఒకే రోజున మిసెస్ హార్లన్ పాతించింది. తరవాత ఎన్నిసార్లు రంగులు వేసినా మాట మార్చలేదు.

"తెలుసమ్మా," అంది అమ్మ ఆ పిల్లతో, భుజంమీద చెయ్యివేసి. "అది నా బోర్డే." నాన్న ఫోటో తీయడానికి ఫోను ఎత్తి, పూల బొమ్మల బోర్డు పక్కకి జరగమని సైగచేశారు. అమ్మ జరగలేదు. రెండు బోర్డులకీ సరిగ్గా నడుమ, అటూ ఇటూ సందు సమానంగా ఉండేలా నిలబడి, గడ్డం ఎత్తింది.

"ఒకటి కనిపెట్టినందుకు, ఒకటి కోసినందుకు," అంది. "రెండూ ఫోటోలో పడాలి."